ఆట ముందు, డబ్బు తర్వాత: ఐస్ హాకీ ఫార్వర్డ్ కెరీర్ లోపలి లెక్క

2008-09 సీజన్‌లో న్యూజెర్సీ డెవిల్స్ తరఫున జాక్ పరీజే 45 గోల్స్ కొట్టాడు. అప్పుడతని వయసు 24, చేతిలో ఉన్న కాంట్రాక్ట్ 4 ఏళ్లకు 1.25 కోట్ల డాలర్లు. 2012 జులైలో, 28 నిండబోతుండగా, మిన్నెసోటా వైల్డ్ అతనికి 13 ఏళ్లకు 9.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. మిన్నెసోటాలో అతను ఏ సీజన్‌లోనూ 33 గోల్స్ దాటలేదు. చివరికి 2021లో, ఇంకా 4 ఏళ్లు మిగిలుండగానే, టీమే డబ్బిచ్చి ఒప్పందాన్ని తెంచుకుంది.

ఇది చదివి 'అంత డబ్బు తీసుకుని ఆడలేదు' అనేవాళ్లున్నారు, 'మేనేజ్‌మెంట్‌కి బుద్ధి లేదు' అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే రెండూ తప్పనిపిస్తాయి. నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, ఫార్వర్డ్ (ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడు) శరీరం ఒక లెక్కన నడుస్తుంది, అతని కాంట్రాక్ట్ ఇంకో లెక్కన నడుస్తుంది, ఈ రెండూ దాదాపు ఎప్పుడూ కలవవు. ఆట పతాక స్థాయిలో ఉన్నప్పుడు జీతం తక్కువ, జీతం పతాక స్థాయికి చేరేసరికి ఆట దిగడం మొదలు. నిబంధనలే అలా ఉన్నాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, బయటి నుంచి చూసేవాళ్లకి వింతగా కనిపించే చాలా విషయాలు (9 మ్యాచ్‌లు ఆడించి కుర్రాణ్ని వెనక్కి పంపేయడం, మంచి ఆటగాణ్ని ఊరికే వదిలేయడం, 35 ఏళ్లవాడు ఏడాది కాంట్రాక్ట్‌తో తిరగడం) తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు మంచు మీద ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం, ఎందుకంటే డబ్బు లెక్కలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. మ్యాచ్‌కి ఒక టీమ్‌లో 20 మంది దిగుతారు: ఇద్దరు గోల్‌కీపర్లు, మామూలుగా 6 మంది డిఫెన్స్, 12 మంది ఫార్వర్డ్‌లు. ఫార్వర్డ్‌లని ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు చేస్తారు, లైన్‌లో మధ్యలో ఆడే ఒక సెంటర్, పక్కల ఆడే ఇద్దరు వింగర్లు. పూర్తి వేగంతో స్కేటింగ్ చేస్తూ ఎవరూ ఎక్కువసేపు ఉండలేరు కాబట్టి 45 సెకన్లు అటూ ఇటూగా ఆడి బెంచికి వచ్చేస్తారు, ఇంకో లైన్ దూకుతుంది, ఆట ఆగదు. 60 నిమిషాల మ్యాచ్‌లో మొదటి లైన్‌వాడికి 20 నిమిషాల దాకా దక్కుతాయి, నాలుగో లైన్‌వాడికి ఎనిమిదో పదో.

పవర్ ప్లే సంగతి దీనికి అదనం. ఎదుటి ఆటగాడు పెనాల్టీ మీద 2 నిమిషాలు బయట కూర్చున్నప్పుడు ఖాళీ ఎక్కువ దొరుకుతుంది, గోల్స్ తేలిగ్గా పడతాయి, ఆ అవకాశం మళ్లీ పై రెండు లైన్లవాళ్లకే. కాబట్టి ఒకడికి 30 గోల్స్, ఇంకొకడికి 9 గోల్స్ ఉన్నాయంటే మొదటివాడు మూడింతలు గొప్పోడని కాదు. కోచ్ అతణ్ని ఎక్కడ నిలబెట్టాడు, పక్కన ఎవరున్నారు, ఎన్ని నిమిషాలిచ్చాడు అన్నది ఆ అంకెలో సగానికి పైగా ఉంటుంది. జూనియర్ లీగ్‌లో ఇష్టమొచ్చినట్టు గోల్స్ కొట్టిన కుర్రాడు పైకొచ్చి మూడో లైన్‌లో పడితే, బతకడానికి అతను వేరే ఆట నేర్చుకోవాలి: ఫేసాఫ్‌లు (ఆట మొదలుపెట్టేటప్పుడు పక్ అనే రబ్బరు బిళ్ల కోసం ఇద్దరి పోటీ) గెలవడం, ఒక మనిషి తక్కువున్నప్పుడు కాచుకోవడం, ఎదుటివాడి షాట్‌కి ఒళ్లు అడ్డం పెట్టడం. సెంటర్‌గా పెరిగినవాళ్లు చాలామంది ఇక్కడికొచ్చాక వింగ్‌కి మారతారు, ఎందుకంటే సెంటర్‌కి గోల్ కొట్టే పనితో పాటు వెనక్కొచ్చి కాపాడే పని కూడా బోలెడు. బోస్టన్ సెంటర్ పాట్రిస్ బెర్జరాన్ ఆ రెండో పనిలో ఎంత మేటి అంటే, డిఫెన్స్ బాగా చేసే ఫార్వర్డ్‌కిచ్చే సెల్కే ట్రోఫీ 6 సార్లు అందుకున్నాడు.

ఇక అసలు దారి. 18 ఏళ్లకి డ్రాఫ్ట్, అంటే టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే రోజు. 32 టీమ్‌లు, 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. పేరు పిలిచారంటే టీమ్‌లో చోటొచ్చిందని అర్థం కాదు, ఎన్‌హెచ్‌ఎల్‌లో అతనితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ ఒక్క టీమ్‌కి దక్కిందని మాత్రమే. పిలిచినవాళ్లలో చాలామంది అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడరు. 18 ఏళ్లకే ఎవడు ఎలా ఎదుగుతాడో చెప్పడం ఎంత కష్టమో చూడండి: డెట్రాయిట్‌కి గుండెకాయలాంటి ఇద్దరు ఫార్వర్డ్‌లలో పావెల్ దత్సుక్‌ని 1998లో 171వ స్థానంలో, హెన్రిక్ జెటర్‌బర్గ్‌ని 1999లో 210వ స్థానంలో తీసుకున్నారు. 2012లో అందరికంటే ముందు పిలిచిన నెయిల్ యాకుపోవ్ 350 మ్యాచ్‌ల్లో 62 గోల్స్‌తో ఎన్‌హెచ్‌ఎల్ ముగించేశాడు. 1993లో మొదటి స్థానంలో వచ్చిన అలెగ్జాండర్ డేగ్‌కి ఒటావా ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే 5 ఏళ్లకు 1.225 కోట్ల డాలర్లు ఇచ్చింది, అతను అంచనాలకి దరిదాపుల్లోకి రాలేదు, ఆ కాంట్రాక్ట్ చూసి బెదిరిన యజమానులు 1995 నుంచి కొత్తవాళ్ల జీతాలకి గట్టి పరిమితి పెట్టించుకున్నారు. ఈ ఆటలో కుర్రాళ్లు చవగ్గా దొరకడానికి మూలం ఆ పరిమితే.

ఇప్పుడు 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేసే ఎవరికైనా మొదటి కాంట్రాక్ట్ 3 ఏళ్లే, అందులో మూల జీతానికి లీగ్ పెట్టిన గరిష్ఠం ఉంటుంది. చాలా ఏళ్లు అది 9.25 లక్షల డాలర్లు. బోనస్‌లు విడిగా ఉంటాయి. కానర్ మెక్‌డేవిడ్ 2016-17లో 100 పాయింట్లు (గోల్స్, గోల్‌కి సాయపడ్డ పాస్‌లు కలిపి) చేసి, లీగ్‌లోనే ఎక్కువ పాయింట్లవాడిగా, అత్యంత విలువైన ఆటగాడిగా రెండు పెద్ద అవార్డులూ తీసుకెళ్లాడు. అది అతని మొదటి కాంట్రాక్ట్‌లో రెండో ఏడు, వయసు 20. లీగ్‌లో అందరికంటే గొప్ప ఆటగాడు, మూల జీతం మాత్రం 9.25 లక్షలే. ఏడాదికి 1.25 కోట్ల కాంట్రాక్ట్ మొదలైంది 2018-19లో.

9 మ్యాచ్‌ల కథ కూడా ఇక్కడిదే. 18, 19 ఏళ్లవాడు ఒక సీజన్‌లో 10 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల కంటే తక్కువ ఆడితే ఆ ఏడాది కాంట్రాక్ట్‌లో ఖర్చయినట్టు కాదు, మొత్తం ఏడాది ముందుకి జరుగుతుంది. పదో మ్యాచ్ ఆడాడా, ఏడాది కరిగిపోయినట్టే. అందుకే 9 మ్యాచ్‌లు ఆడించి, 'బాగా ఆడావు బాబూ' అని భుజం తట్టి జూనియర్‌కి పంపేస్తారు. ఆ కుర్రాడి ఆట బాగోలేక కాదు, చవగ్గా దొరికే మూడేళ్లు వాడి 18వ ఏట కంటే 20వ ఏటి నుంచి వాడుకుంటే టీమ్‌కి లాభం కాబట్టి. ఎడ్మంటన్ 2014-15లో లియాన్ డ్రైసైటిల్ విషయంలో ఈ లెక్క పట్టించుకోలేదు, 37 మ్యాచ్‌లు ఆడించి అప్పుడు జూనియర్‌కి పంపింది. దాంతో అతని చవక ఏళ్లలో ఒకటి అలా ఊరికే పోయింది. డ్రైసైటిల్‌కి ఇందులో నష్టమేం లేదు, 2017లోనే 8 ఏళ్లకు 6.8 కోట్ల కాంట్రాక్ట్ వచ్చేసింది.

జూనియర్‌కే ఎందుకు పంపాలి, కింది స్థాయి ప్రొఫెషనల్ లీగ్ అమెరికన్ హాకీ లీగ్‌కి పంపొచ్చు కదా? కెనడా జూనియర్ లీగ్‌లతో ఉన్న ఒప్పందం ప్రకారం అక్కడి నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాడికి 20 వచ్చేదాకా రెండే దారులు: ఎన్‌హెచ్‌ఎల్ లేదా తిరిగి జూనియర్. 19 ఏళ్లవాడు జూనియర్‌కి మరీ ఎక్కువ, ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇంకా తక్కువ అయి ఏడాదంతా నేర్చుకునేదేం లేక నెట్టుకొచ్చిన సందర్భాలు కోకొల్లలు. 2026-27 నుంచి టీమ్‌కి ఒక 19 ఏళ్లవాణ్ని కింది లీగ్‌కి పంపే వెసులుబాటు వస్తోంది. అమెరికా కాలేజీ హాకీ కూడా మారింది. 2025 ఆగస్టు దాకా కెనడా జూనియర్‌లో ఆడినవాడికి కాలేజీ తలుపు మూసుకుపోయేది, 16 ఏళ్లకే ఆ దారో ఈ దారో తేల్చుకోవాల్సొచ్చేది, ఇప్పుడు జూనియర్ ఆడి ఆ తర్వాత కాలేజీకి వెళ్లొచ్చు.

మొదటి కాంట్రాక్ట్ అయ్యాక స్వేచ్ఛ వస్తుందనుకుంటారు కదా, రాదు. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అనే దశ వస్తుంది, పేరులో ఫ్రీ ఉన్నా చేతులు కట్టేసే ఉంటాయి. వేరే టీమ్ ఆఫర్ ఇవ్వొచ్చు, కానీ పాత టీమ్ అదే డబ్బిస్తామంటే ఆటగాడు కదలడానికి లేదు, ఇవ్వకపోతే కొత్త టీమ్ ఆఫర్ సైజుని బట్టి డ్రాఫ్ట్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) పరిహారంగా ఇచ్చుకోవాలి. 2019లో మాంట్రియల్ కరోలినా సెంటర్ సెబాస్టియన్ ఆహోకి 5 ఏళ్లకు 4.227 కోట్ల డాలర్ల ఆఫర్ పంపితే కరోలినా సరేనని అంతే ఇచ్చేసింది. 2021లో అదే కరోలినా మాంట్రియల్ సెంటర్ యెస్పెరి కొట్కానియెమికి ఏడాదికి 61 లక్షల డాలర్ల ఆఫర్ పంపి ఎగరేసుకుపోయింది. పగ తీర్చుకున్నారని అందరూ నవ్వుకున్నారు. 2024లో సెయింట్ లూయిస్ చేసింది ఇంకా తెలివైన పని. ఎడ్మంటన్ దగ్గర శాలరీ క్యాప్‌లో, అంటే టీమ్ మొత్తం జీతాలకున్న పరిమితిలో, చోటు లేదని కనిపెట్టి డిలన్ హాలోవేకి ఏడాదికి 22.9 లక్షల చొప్పున రెండేళ్ల ఆఫర్ ఇచ్చింది. ఎడ్మంటన్ ఇవ్వలేక మూడో రౌండ్ పిక్ తీసుకుని వదిలేసింది. తర్వాతి సీజన్‌లోనే అతను 26 గోల్స్ కొట్టాడు. ఆటగాడు మారలేదండీ, అతనికిచ్చిన నిమిషాలు మారాయి.

శాలరీ క్యాప్ అన్నాను కదా, ఇదంతా దాని చుట్టూ తిరిగేదే. దానికోసమే 2004-05 సీజన్ మొత్తం రద్దయింది, యజమానులు తలుపులు మూసి కూర్చున్నారు. 2005-06లో టీమ్‌కి గరిష్ఠం 3.9 కోట్ల డాలర్లు, 2025-26లో 9.55 కోట్లు. ఏ ఒక్కరికీ అందులో ఐదో వంతు మించి ఇవ్వకూడదు. ఆదాయం యజమానులకి, ఆటగాళ్లకి సగం సగం. ఆ సగం దాటిపోకుండా జీతంలో కొంత ఎస్క్రో పేరుతో ముందే పట్టుకుంటారు, కాబట్టి పేపర్లో వచ్చే అంకె చేతికొచ్చే అంకె కాదు. దానిలోంచి పన్నులు, ఏజెంట్ వాటా పోతాయి. ఫ్లోరిడా, టెక్సాస్, నెవాడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడి టీమ్‌లకి ఆటగాళ్లు కాస్త తక్కువకైనా ఒప్పుకుంటారన్నది లీగ్‌లో ఎప్పుడూ నలిగే గొడవ.

పూర్తి స్వేచ్ఛ ఎప్పుడు? 27 ఏళ్లు వచ్చాకో, 7 సీజన్లు లెక్కలో పడ్డాకో. గణాంకాలు తవ్వే విశ్లేషకులు ఎన్ని రకాలుగా లెక్కేసినా ఫార్వర్డ్‌ల ఉత్తమ దశ ఇరవైల మధ్యలోనే తేలుతుంది. అంటే మార్కెట్లో నిలబడి తనకి తాను వెల కట్టుకునే రోజొచ్చేసరికి బెస్ట్ సీజన్ వెనకాల ఉండిపోయే అవకాశమే ఎక్కువ. అప్పుడిచ్చే పెద్ద కాంట్రాక్ట్‌లో నిన్నటి ఆటకి బాకీ కూడా కలిసుంటుంది, కాకపోతే ఆ బాకీ తీర్చేది చాలాసార్లు వేరే టీమ్. పరీజేకి జరిగింది అదే. న్యూజెర్సీ చవగ్గా వాడుకుంది, మిన్నెసోటా ఖరీదు కట్టింది. ఒప్పందం తెంచుకున్నా వదల్లేదు, ఎందుకంటే బైఅవుట్ అంటే మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు, మిగిలిన ఏళ్లకి రెట్టింపు కాలం పాటు కట్టడం. అతనిదీ, అదే రోజు అంతే మొత్తానికి సంతకం చేసిన డిఫెన్స్ ఆటగాడు రయాన్ సూటర్‌దీ కలిపి 2023-24లో, 2024-25లో ఏటా దాదాపు 1.47 కోట్ల డాలర్లు ఆడని మనుషుల ఖాతాలో మిన్నెసోటా క్యాప్‌లోంచి పోయాయి.

ఇదంతా పైన ఉన్నవాళ్ల సంగతి. కింద ఇంకో లోకముంది, నాకు ఆసక్తిగా అనిపించేది అదే. ఎన్‌హెచ్‌ఎల్‌కీ అమెరికన్ హాకీ లీగ్‌కీ మధ్య ఊగిసలాడే ఫార్వర్డ్‌కి టూ-వే కాంట్రాక్ట్ ఉంటుంది, పైన ఆడినన్ని రోజులు ఒక రేటు, కింద ఆడినన్ని రోజులు అందులో చిన్న ముక్క. పైన కనీస జీతం 2025-26లో 7.75 లక్షలు, కింద ఉన్నప్పుడు దానికి చాలా చాలా తక్కువ. కింద వారాంతంలో మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మధ్యలో బస్సు ప్రయాణాలు. అనుభవం కొంత దాటాక కిందికి పంపాలంటే వేవర్స్ మీద పెట్టాలి, 24 గంటల్లో మిగతా టీమ్‌ల్లో ఎవరైనా ఊరికే పట్టుకుపోవచ్చు, అంటే ఆటగాడు పొద్దున లేచేసరికి వేరే ఊరివాడు అయిపోయి ఉంటాడు. మైక్ సిల్లింజర్ అనే సెంటర్ 12 టీమ్‌లకి ఆడాడు, అది రికార్డు. 9 సార్లు ట్రేడ్ అయ్యాడు (టీమ్‌లు తమలో తాము మార్చుకున్నాయి), అయినా 1,049 మ్యాచ్‌లు ఆడాడు. అతణ్ని ఎవరికీ పట్టనివాడని చూడకండి, 12 టీమ్‌లు కావాలనుకున్న మనిషి. తనకి కదలకుండా ఉండే హక్కు మాత్రం ఎవరూ రాసివ్వలేదు. నో-ట్రేడ్ నిబంధన పెద్ద జీతాలవాళ్లకే దొరుకుతుంది.

ఈ కింది లోకం నుంచి పైకొచ్చిన వాళ్లలో మార్టిన్ సెయింట్ లూయిస్‌ది విడిగా చెప్పాల్సిన కథ. 5 అడుగుల 8 అంగుళాలు, ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, కాలేజీ హాకీ ఆడి, కాల్గరీకొచ్చి కిందా పైనా తిరిగి, 2000లో వాళ్లూ వదిలేస్తే టాంపా బే తీసుకుంది. 2003-04లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు, అత్యంత విలువైన ఆటగాడి అవార్డు, పైగా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్. 2013లో 37 ఏళ్ల వయసులో మళ్లీ పాయింట్లలో మొదటివాడు. పతాక స్థాయి ఇరవైల మధ్యలో అన్న నా మాటకి ఇతను విరుద్ధం కదా అంటారా? 25వ ఏట దాకా అతనికి నిమిషాలే ఇవ్వలేదు, కాబట్టి ఇరవైల మధ్యలో ఎలా ఆడగలిగేవాడో మనకి అంకెల్లో కనపడదు.

శరీరం ఎవరిది అన్న ప్రశ్న కూడా కాంట్రాక్ట్‌లోనే ఉంది. 2021 మార్చిలో బఫలో సెంటర్ జాక్ ఐకెల్‌కి మెడలో డిస్క్ జారింది. కృత్రిమ డిస్క్ పెట్టించుకుంటానన్నాడు, టీమ్ డాక్టర్లు వేరే ఆపరేషన్ చేయాలన్నారు, ఒప్పందం ప్రకారం చివరి మాట టీమ్‌ది. నెలల తరబడి ఎవరూ తగ్గలేదు, కెప్టెన్సీ పోయింది, నవంబర్‌లో వేగాస్‌కి ట్రేడ్ అయ్యాక తనకి కావాల్సిన ఆపరేషనే చేయించుకున్నాడు. 2023లో వేగాస్ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో ఎక్కువ పాయింట్లు అతనివే. సొంత మెడ గురించి నిర్ణయం తీసుకోవడానికి టీమ్ మారాల్సొచ్చింది, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తలకి తగిలే దెబ్బలు ఇంకా దారుణం. సిడ్నీ క్రాస్బీకి 2011 జనవరిలో వారం లోపే రెండు మ్యాచ్‌ల్లో దెబ్బలు తగిలాయి, ఆ కంకషన్‌తో నవంబర్ దాకా మ్యాచ్‌కి దిగలేకపోయాడు, వచ్చినా కొన్ని వారాలకే మళ్లీ ఆగాడు. అదే ఏడాది చనిపోయిన డెరెక్ బూగార్డ్ పేరుకి ఫార్వర్డే, అసలు పని మాత్రం కొట్లాట. చనిపోయాక పరీక్షిస్తే మెదడులో సీటీఈ అనే క్షీణత కనపడింది. కొట్లాట కోసమే ఒకణ్ని నాలుగో లైన్‌లో పెట్టుకునే అలవాటు ఇప్పుడు దాదాపు పోయింది, ఆ చోటు వేగంగా స్కేటింగ్ చేసే చవకైన కుర్రాళ్లకి వెళ్లింది.

ముప్పై దాటాక ముందు పోయేది మొదటి రెండు మూడు అడుగుల వేగం. డిఫెన్స్‌వాడు ఆట చదివి సర్దుకోవచ్చు, ఫార్వర్డ్ బతుకే ఆ రెండు మూడు అడుగుల మీద ఆధారపడి ఉంటుంది. నిలబడ్డవాళ్లు ఆట మార్చుకున్నవాళ్లు. జో పవెల్స్కీ, 2003లో 205వ స్థానంలో డ్రాఫ్ట్ అయినవాడు, ఎప్పుడూ వేగం మీద ఆధారపడలేదు, గోల్ ముందు నిలబడి దూసుకొచ్చే పక్‌ని స్టిక్ అంచుతో తాకి దారి మార్చేవాడు, దాంతోనే దాదాపు 40 దాకా నెట్టుకొచ్చాడు. అలెక్స్ ఓవెచ్కిన్ పవర్ ప్లేలో ఎడమ సర్కిల్ దగ్గర నిలబడతాడు, అందరికీ తెలుసు అక్కడే ఉంటాడని, అయినా ఆపలేరు. 2025 ఏప్రిల్ 6న వేన్ గ్రెట్జ్కీ 894 గోల్స్ రికార్డు దాటించిన 895వ గోల్ కూడా పవర్ ప్లేలో పడిందే, అప్పుడతనికి 39.

అంత పేరు లేనివాడికి ఈ దశలో ట్రైఅవుట్ దొరుకుతుంది: ట్రైనింగ్ క్యాంప్‌కి రా, నచ్చితే అప్పుడు కాంట్రాక్ట్. 800 మ్యాచ్‌లు ఆడినవాడు కూడా 20 ఏళ్లవాళ్లతో పాటు వరసలో నిలబడాలి. అది కాదనుకుంటే రష్యా నడిపే కేహెచ్‌ఎల్, స్విట్జర్లాండ్, స్వీడన్ లీగ్‌లున్నాయి. స్విట్జర్లాండ్ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం, తక్కువ మ్యాచ్‌లు, తక్కువ ప్రయాణం, రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. యారోమీర్ యాగర్ ఈ దారుల్లో దేన్నీ వదల్లేదు, మధ్యలో మూడేళ్లు రష్యాకెళ్లి, మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌కొచ్చి 1,921 పాయింట్లతో ముగించి, చెక్ రిపబ్లిక్‌లో తనదే అయిన క్లాద్నో టీమ్‌కి యాభై దాటాక కూడా ఆడాడు. పరీజే బైఅవుట్ తర్వాత న్యూయార్క్ ఐలాండర్స్‌కి ఏడాది కాంట్రాక్ట్‌ల మీద ఆడాడు, 2022-23లో 38 ఏళ్ల వయసులో 82 మ్యాచ్‌లూ ఆడి 21 గోల్స్ కొట్టాడు. చవగ్గా ఉన్నాడు కాబట్టి ఆ 21 గోల్స్ అందరికీ ముద్దొచ్చాయి.

ఇప్పుడు లెక్కలు కొంచెం కదులుతున్నాయి. 2026 సెప్టెంబర్ నుంచి అమల్లోకొచ్చే ఒప్పందంలో సీజన్ 84 మ్యాచ్‌లు, కనీస జీతం 8.5 లక్షలు, సొంత ఆటగాడికి గరిష్ఠంగా 7 ఏళ్లు, బయటివాడికి 6. అంతకుముందు 8, 7 ఉండేవి. 2013కి ముందు సంతకం చేశాడు కాబట్టి పరీజేకి 13 దొరికాయి. ఆ తలుపు మూసుకునేలోపు 2025 సెప్టెంబర్‌లో కిరిల్ కప్రిజోవ్ మిన్నెసోటాతోనే 8 ఏళ్లకు 13.6 కోట్ల డాలర్లకి సంతకం చేశాడు, వయసు 28. వారం తిరిగేలోపు అదే వయసున్న మెక్‌డేవిడ్ కేవలం రెండేళ్లకి, పాత జీతం 1.25 కోట్లకే ఒప్పుకున్నాడు. కప్రిజోవ్ 37వ ఏటి దాకా డబ్బు ఖాయం చేసుకున్నాడు, మెక్‌డేవిడ్ కప్ కోసం ఎడ్మంటన్‌కి క్యాప్‌లో చోటు మిగిల్చి, పెరుగుతున్న క్యాప్ ముందు మళ్లీ 31 ఏళ్లకి బేరం పెట్టుకునే దారి ఉంచుకున్నాడు. మెక్‌డేవిడ్‌లాంటివాడు ఆ పందెం వేయగలడు. 28 ఏళ్లకి ఏడాదికి 20 గోల్స్ కొట్టే రెండో లైన్ వింగర్ మాత్రం ఎన్ని ఏళ్లిస్తే అన్ని తీసుకోవాలి, ఏజెంట్ ఇంకేం చెప్పినా వినకూడదు.